పెట్టె లేని ప్లేట్లాయన

మక్తల్ బస్సు కండక్టరు టిక్కెట్టు చింపి చేతిలో పెడుతూ, "పంతులమ్మా, మీ ప్లేట్ల పెద్దయ్య పోయిండు, ఎరుకేనా?" అన్నాడు.

నాకు ఎరుక లేదు. బస్సులో ఏడవడం నాకు నచ్చదు. పక్క సీటువాళ్ళు ఎందుకని అడుగుతారు, చెప్తే ఓదారుస్తారు, ఓదారుస్తూ తమ ఇళ్ళల్లో పోయినవాళ్ళ కథలన్నీ విప్పుతారు. అందుకని ఏడవకుండా, "మరి ఆయన ప్లేట్లేమైనయి?" అని అడిగాను.

"బతికుండంగనే పంచిండట. ఏ ప్లేటు ఎవరికి పడ్తదో ఆ ఇంటికి పోయి ఇచ్చొచ్చిండట. ఆఖరుకు ఇంట్ల ఒక్కటి గూడ మిగలలేదంటున్నరు."

అప్పుడు నాకు నవ్వొచ్చింది. పక్కావిడ నన్ను అదోలా చూసింది. చూడనీ. ఒక్క ప్లేటు కూడా మిగల్చుకోకుండా వెళ్ళిపోవడం ఆయనకెంత గెలుపో ఆవిడకేం తెలుసు?

ఆయన పేరు ఇక్కడ రాయను. రాసినా ప్రయోజనం లేదు, ఆ పేరుతో ఆయన్ని ఎవరూ పిలిచేవాళ్ళు కాదు. మక్తల్ దగ్గర ఒక పల్లెలో గొర్రెలు కాసే ఇంట్లో పుట్టి, గొంగళ్ళు అమ్ముకుంటూ ఊళ్ళు తిరిగిన మనిషి. వానలు పడబోయే ముందు ఒక తిరుగుడు, చలి మొదలయ్యేటప్పుడు ఇంకో తిరుగుడు. నెత్తిమీద గొంగళ్ళ కట్ట ఉండేది. ఆ కట్ట నడుమ, మడతకొకటి చొప్పున, గ్రామఫోను ప్లేట్లు ఉండేవి. బస్సుల మీద వేసినా, ఎడ్లబండ్లలో పడేసినా ఒక్కటీ పగిలేది కాదు. పగలదా పెద్దయ్యా అని అడిగితే, "గొర్రె బొచ్చుల పండుకున్న గొర్రెపిల్ల యాడన్న పలిగిందా?" అనేవాడు.

ఇన్ని ప్లేట్లున్న మనిషికి గ్రామఫోను లేదు. ఆ సంగతి తెలిసినప్పుడు నేను నిజంగా నోరు తెరిచాను. అప్పటికి నల్లగొండకు కోడలిగా వచ్చి కొన్ని నెలలే అయింది. ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పి, ఇంటికొచ్చి మా అత్తమ్మ చెప్పే పాఠాలు వినేదాన్ని. పోయిన మా మామగారిది ఒక గ్రామఫోను ఇంట్లో ఉండేది. ఒకరోజు అత్తమ్మ అరుగు మీద గొంగళ్ళు బేరమాడుతుంటే, ఈయన బేరం మధ్యలో వదిలేసి లోపలికి మెడ చాచి, "అక్కా, మీ ఇంట్ల పెట్టె ఉన్నదట గద?" అన్నాడు.

"ఉంటే?"

"నా కాడ ప్లేట్లున్నయి. నీ కాడ పెట్టె ఉన్నది. ఇగ గొంగడి సంగతి ఎవనికి గావాలె?"

అలా చొరబడ్డాడు మా ఇంట్లోకి. మక్తల్ నుంచి నల్లగొండ దాకా గ్రామఫోను ఉన్న ప్రతి ఇంట్లోకీ అలాగే చొరబడ్డాడని తర్వాత తెలిసింది. సొంతంగా ఒక పెట్టె కొనుక్కోరాదా అని నేను అడిగాను. నా వైపు జాలిగా చూశాడు. "పెట్టె కొంటే ఇంట్ల కూసుంట బిడ్డా. ఒక్కన్నే ఇంట. ఒక్కడు ఇంటే అది పాటనా? ఒక్కడు తింటే అది దావతా?" అన్నాడు.

ప్లేట్లు సికింద్రాబాదులో పాత సామాన్ల దుకాణాల్లో కొనేవాడు. తెల్లవాళ్ళు దేశం విడిచిపోతూ అమ్ముకున్న సామాను అప్పటికింకా ఆ దుకాణాల్లో గుట్టలుగా ఉండేదట. మీద రాసింది ఆయనకు చదవడం రాదు. చదవడం వచ్చినవాళ్ళు నల్లగా నిగనిగలాడే ప్లేటు కోసం వెతుకుతారు. ఈయన ప్లేటును ఎండకు ఏటవాలుగా పట్టుకుని, గీతలు అరిగి బూడిదరంగుకు తిరిగినదాన్ని ఏరుకునేవాడు. అరిగిందంటే ఎవరో దాన్ని విడవకుండా విన్నారని ఆయన లెక్క. "కొత్తగ మెరుస్తాందంటే ఏంది? ఎవ్వరు దాని మొకం సూడలేదన్నట్టు. అసొంటి సంబంధం నాకొద్దు," అనేవాడు. ఈ లెక్కలో మోసం లేకపోలేదు. ఒకసారి అలా తెచ్చిన ప్లేటులో పాటే లేదు, ఎవరో దొర ఇంగ్లీషులో ఉపన్యాసం చెప్తున్నాడు. ఎవరు విని అరగదీశారో దేవుడికే తెలియాలి. పెద్దయ్య ఆ ఉపన్యాసం మొత్తం తల ఊపుతూ విని, "గొంతు మంచిదే," అన్నాడు. తప్పు ఒప్పుకోవడం ఆయన ఇంటా వంటా లేదు.

ఏ ప్లేటు గురించీ బాగుంది అనేవాడు కాదు. "గిది నీకు పడ్తది," అనేవాడు, తిండి గురించి చెప్పినట్టు. ఎవరికేది పడుతుందో తేల్చడానికి వాళ్ళను కాసేపు పరీక్షగా చూసేవాడు. మా వీధి చివర ఒక వకీలు సాబు ఉండేవాడు, గొప్ప సంగీతప్రియుడు, రాగం పేరు చెప్పకుండా పాట వినడు. ఆయనకు పెద్దయ్య ఒక నవ్వుల పాట ఇచ్చాడు. పాటలో సగం మాటలు, సగం నవ్వు. వకీలు సాబు మండిపడి, నన్నేమనుకున్నావని అడిగాడు. "పొద్దుందాక కచేరీల మొకం ముడుసుకోని నిలబడ్తవు సాబ్. జర సడలిచ్చుకో," అన్నాడు పెద్దయ్య. మరుసటి తిరుగుడులో ఆ ప్లేటు వాపసు అడిగితే వకీలు సాబు ఇంట్లో లేనని చెప్పించాడు. కిటికీలోంచి నవ్వు మాత్రం వినిపిస్తూనే ఉంది.

నాకిచ్చిన మొదటి ప్లేటు ఒక షహనాయి. "ఒక్కపారి ఇని చెప్పకు బిడ్డా. పొద్దున ఇను, అన్నం తిన్నంక ఇను, కోపమొచ్చినప్పుడు ఇను," అన్నాడు.

"నాకు కోపమొస్తదని నీకెవరు చెప్పిండ్రు?" అని గయ్యిమన్నాను.

"గిప్పుడే తెల్సింది," అన్నాడు.

ప్లేటు ఒక ఇంట్లో వదిలి, మళ్ళీ వచ్చినప్పుడు తీసుకుని ఇంకో ఇంట్లో దించేవాడు. దాంతోపాటు ముందు విన్న ఇంటివాళ్ళ మాటలు కూడా మోసుకొచ్చేవాడు. మక్తల్‌లో ఒక పంతులు ఉండేవాడు. ఆయన్ని నేను ఇప్పటిదాకా చూడలేదు. అయినా ఆయనతో ఏళ్ళ తరబడి జగడమాడాను. "మక్తల్ పంతులు చెప్పమన్నడు, గా షహనాయాయిన రెండో పక్కల ఊపిరి దొంగతనం చేసిండట," అని మోసుకొచ్చేవాడు పెద్దయ్య. "ఆయన చెవుల గులిమి తీపిచ్చుకొమ్మను," అని నేను పంపేదాన్ని. అది అక్షరం పొల్లుపోకుండా చేరేది. వచ్చే తిరుగుడులో జవాబు వచ్చేది, ఇంకొంచెం కారంగా. ఊరూరా ఒక్కొక్కరుగా ఉన్న పాటల పిచ్చివాళ్ళందరికీ ఆ గొంగళ్ళ కట్టే బజారు, అదే పంచాయితీ. ఎవరి పిచ్చి వారికానందం అంటారు, మాది అందరికీ కలిపి ఒకటే పిచ్చి.

ఆయనలో నేను భరించలేనిది ఒకటుంది. పాట నడుస్తుంటే మాట్లాడేవాడు. సూది పెట్టిన దగ్గర్నుంచి, "ఇగో, ఇప్పుడొస్తది సూడు... ఆగు ఆగు... ఆఁ, వచ్చింది!" అని మోకాలి మీద చరుచుకునేవాడు. వచ్చినదాన్ని మనల్ని విననిస్తేగా! నేను విసుక్కుంటే కాసేపు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేవాడు. చెయ్యి వెనకాల నుంచి కూడా మాట్లాడేవాడు.

ఇక ఆ ప్లేటు సంగతి. ఒక ఎండాకాలం చివర్లో వచ్చినప్పుడు, కట్టను అరుగు మీద దించకుండా సరాసరి నడింట్లోకి వచ్చేశాడు. మొహం వెలిగిపోతోంది. "పంతులమ్మా, కొత్తది. దుకాణపాయిన ఒక్కపారి ఏసి ఇనిపిచ్చిండు. నా కాళ్ళు నిలువలే. దీన్ని జాజు అంటరట," అన్నాడు.

మా వైపు జాజు అంటే గోడలకు పూసే ఎర్రమట్టి. అత్తమ్మ లోపలి నుంచి, "జాజు గోడకు పూస్తరు గని చెవులకు పూస్తరా?" అంది.

జాజ్ అనే మాట నేను పత్రికల్లో ఎక్కడో చదివాను తప్ప వినలేదు. ప్లేటు అంచు దాకా బూడిదరంగు. సూది పెట్టగానే ముందు కరకర, ఆ తర్వాత బాకా. ఒక బాకా ఏదో మాట మొదలుపెడుతుంది, క్లారినెట్ మధ్యలో అందుకుంటుంది, ఇంకేదో లావుపాటి వాద్యం ఇద్దరినీ కసురుతుంది. కింద డోలు ఎవరి మాటా వినకుండా తన దారిన తను పోతుంటుంది. సంతలో అందరూ ఒక్కసారి మాట్లాడినట్టుంది కానీ గొడవలా లేదు. నేను ముందుకు వంగి కూర్చున్నాను. అంతలో పాట కుంగడం మొదలైంది. బాకా గొంతు బొంగురుపోయింది. డోలు నీరసపడింది. చివరికి అన్నీ కలిసి బావిలో పడ్డట్టు ఒక మూలుగు మూలిగి ఆగిపోయాయి.

"పాపం, పానం పోయింది," అంది అత్తమ్మ.

పెద్దయ్య లేచి నిలబడ్డాడు. "మీ ఇంట్ల పాటలన్నీ గిట్లనే సస్తున్నయేందక్కా? పోయినపారి షహనాయి గూడ గిట్లనే సచ్చింది. చాబీ నిండ ఇస్తలేరా?"

ఇయ్యడం లేదు. దానికో చరిత్ర ఉంది. మా మామగారు ఒకసారి చాబీ గట్టిగా తిప్పితే లోపలి స్ప్రింగు తెగి, తుపాకీ పేలినట్టు పేలిందట. దాన్ని బాగుచేయించడానికి ఆయన పడరాని పాట్లు పడి, ఆ రోజు నుంచి సగమే తిప్పాలని ఇంట్లో ఆజ్ఞ వేశాడు. ఆయన పోయాక ఆ ఆజ్ఞ శాసనమైంది. సగం చాబీతో పాట మొదట్లో బాగానే ఉండేది, చివరికొచ్చేసరికి దిగజారిపోయేది. ఆ ఇంట్లో పుట్టిన పిల్లలు పాటంటేనే అలా ఉంటుందనుకుని పెరిగారు. మా ఆయన పాడినా సరే, ఆఖరి చరణం దగ్గర గొంతు సాగదీసేవాడు. అది కరుణరసమని నేను పెళ్ళైన కొత్తలో మురిసిపోయాను కూడా.

"మా ఇంట్ల గింతే. నీ కోసం నా పెనిమిటి మాట దాటుతనా?" అంది అత్తమ్మ.

పెద్దయ్య బతిమాలాడు. ఈ ప్లేటుకు చివరే ప్రాణమన్నాడు. అన్నీ ఒక్కసారి లేచి మీదికి పోతాయని చేతులు పైకెత్తి చూపించాడు. అత్తమ్మ కరగలేదు.

మిగతా ఇళ్ళల్లో చాబీ నిండా ఇచ్చారు, అక్కడ ఇంకో కష్టం. వకీలు సాబు మొదటి కరకరకే సూది ఎత్తేశాడు, దీనికి రాగమేదని అడిగి. మక్తల్ పంతులు పిల్లలు నిద్రలేస్తారన్నాడట. ఇంకెవరో, తెల్లోళ్ళు పోయినా వాళ్ళ లొల్లి పోలేదా అన్నారట. గుమ్మం ఎక్కడమే ఆలస్యం, ఆ ప్లేటు వెనక్కి తిరిగి గొంగట్లోకి. ఆయన చెప్పిన ప్లేటు ఏ ఇంట్లోనూ నిలవకపోవడం అదే మొదలు. పరువు పోయిన బాధ ఒకటైతే, అసలు బాధ వేరే. ఎవరో ఒకరు ఇష్టపడి వేస్తే తప్ప ఆయనకు వినే దారి లేదు. దుకాణంలో ఒక్కసారి విన్న ఆ చివరి భాగం మళ్ళీ ఆయన చెవిన పడలేదు. "మర్సిపోతున్న బిడ్డా," అన్నాడు ఒకరోజు నాతో, అరుగు మీద కూర్చుని. "మొదలు యాదికున్నది. ఆఖరుది జారిపోతాంది. అది ఎట్ల లేస్తదో నాకు మతికొస్తలేదు." అంత గొంతున్న మనిషి ఆ మాట ఎంత నెమ్మదిగా అన్నాడంటే, నాకు ఆయన మీద ఉన్న విసుగంతా పోయింది.

ఆ మాఘమాసానికి మా మరిదికి నకిరేకల్ పిల్లతో పెళ్ళి కుదిరింది. మా ఇళ్ళల్లో పెళ్ళంటే ముందు ఎదుర్కోళ్ళు. మగపెళ్ళివాళ్ళు ఊరి బయట ఆగుతారు. ఆడపెళ్ళివాళ్ళు మేళంతో ఎదురొస్తారు. ఇటు మేళం, అటు మేళం ఎదురెదురుగా నిలబడి వాయిస్తారు. ఏ మేళం ముందు ఆగిపోతే ఆ పక్షం తక్కువైనట్టు. నా పెళ్ళిలో మా పానగల్ డప్పుల ముందు అత్తమ్మవాళ్ళ సన్నాయి నోరెత్తలేకపోయింది. ఆ ఓటమి ఆవిడ మర్చిపోలేదు, నన్నూ మర్చిపోనివ్వలేదు. ఇప్పుడు నకిరేకల్ డప్పులంటే పానగల్ డప్పులకు పెద్దన్నలు. అందుకని అత్తమ్మ ఈసారి నల్లగొండ బ్యాండునే మాట్లాడింది. బ్యాండు మాస్టరు యాదగిరి, క్లారినెట్ వాయిస్తాడు, మాట్లాడటానికి ఇంటికొచ్చాడు. అదే పూట పెద్దయ్య కూడా దిగాడు.

యాదగిరిని ఎగాదిగా చూశాడు. వేళ్ళు చూశాడు, బుగ్గలు చూశాడు. "బిడ్డా, గిది నీకు పడ్తది," అని కట్టలోంచి ఆ ప్లేటు తీశాడు.

"మల్ల గదేనా?" అంది అత్తమ్మ.

సగం చాబీతోనే వేశాం. ఎప్పట్లాగే సగం దాటాక కుంగి, మూలిగి, ఆగింది. యాదగిరి కళ్ళు మూసుకుని ఉత్త వేళ్ళతో గాలిలో ఏదో నొక్కుతున్నాడు. అత్తమ్మ మాత్రం నవ్వింది. "ఎదుర్కోళ్ళల గిది వాయిస్తే నకిరేకలోళ్ళు మనకు దినం చేస్తరు," అంది.

పెద్దయ్యకు రోషం పొడుచుకొచ్చింది. "అక్కా, ఇను. నీ కొడుకు పెండ్లిల గీ పాట నిలవకుంటే, ఇగ ఎన్నడు ఎవ్వనికి ఏ ప్లేటు చెప్ప. ప్లేట్లన్ని మీ ఇంట్ల పడేసి ఉత్త గొంగళ్ళమ్ముకుంట పోత," అన్నాడు. అని, ప్లేటు అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. ఆ మాట ఎంత పెద్దదో నాకు అర్థమైంది. ప్లేట్లు చెప్పని పెద్దయ్య ఎవరింటికి పోతాడు? గొంగళ్ళ కోసం ఆయన్ని ఎన్ని ఇళ్ళు నడింట్లోకి పిలుస్తాయి?

మర్నాడు మధ్యాహ్నం యాదగిరి మళ్ళీ వచ్చాడు, బాకా వాయించే తమ్ముణ్ణి వెంటబెట్టుకుని. "అమ్మా, సివరిదాక ఇంటెనే నాకు ఎక్కుతది. గిట్ల నడుమల సచ్చిపోతే, గాడ ఎదుర్కోళ్ళల మనం సచ్చిపోతం," అన్నాడు అత్తమ్మతో.

అత్తమ్మ గ్రామఫోను వైపు చూసింది. ఒక పక్క పెనిమిటి మాట, ఇంకో పక్క పానగల్ డప్పుల చేతిలో పడ్డ దెబ్బ. చివరికి నా వైపు తిరిగి, "తిప్పు," అంది.

రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు వెరవడమెందుకని తిప్పాను. సగం దాటాక స్ప్రింగు కిర్రుమంది. అత్తమ్మ చెవులు మూసుకుంది. చాబీ ఇక తిరగనని మొరాయించేదాకా తిప్పి, సూది పెట్టాను.

ఆ మధ్యాహ్నం నేనా చివరి భాగం మొదటిసారి విన్నాను. ఎలా చెప్పను? అప్పటిదాకా ఒకరి మాటకొకరు అడ్డం వచ్చినవాళ్ళంతా ఎక్కడ కలుసుకున్నారో తెలియదు, ఒక్కసారిగా కలిసి లేచారు. లేచి, ఇక చాలనుకున్నచోట ఇంకో మెట్టు లేచారు. నాకు సంతోషంతో గట్టిగా అరవాలనిపించింది, అరిచాను కూడా. యాదగిరి, "మల్లొకపారి," అన్నాడు. మళ్ళీ వేశాం. పొద్దువాలేదాకా మళ్ళీ మళ్ళీ వేశాం. స్ప్రింగు తెగలేదు.

వాళ్ళు వెళ్ళాక అత్తమ్మ మెల్లగా తన పాత ప్లేటు ఒకటి తీసింది, పెళ్ళైనప్పటి నుంచీ వింటున్న కృష్ణుడి పాట. "దీనికి గూడ నిండ తిప్పు," అంది. పాడేది ఎవరో పెద్ద గాయని. అన్నేళ్ళూ ఆ పాట చివర కుంగి ఏడుపులోకి దిగేది, అత్తమ్మ కూడా అక్కడ కళ్ళు తుడుచుకునేది. ఆ రోజు ఆ గాయని ఎక్కడా తడబడకుండా నవ్వుతూ పాట ముగించింది. అత్తమ్మ కొంగు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది. "ఇన్నేండ్లు ఈమెను ఉత్తగనే ఏడిపిచ్చినమా పిల్లా?" అంది.

పెళ్ళినాటికి పెద్దయ్య నకిరేకల్‌కు వచ్చాడు. మక్తల్ నుంచి బస్సులు మారి, దుమ్ము కొట్టుకుని, పెళ్ళికొడుక్కి కానుకగా ఒక నల్ల గొంగడి భుజాన వేసుకుని. యాదగిరి పాట నేర్చుకున్నాడో లేదో ఆయనకు తెలియదు. నేను చెప్పబోతే, "చెప్పకు," అని చెయ్యి అడ్డం పెట్టాడు.

ఊరి బయట రోడ్డు మీద ఆగాం. పొద్దు ఇంకా బాగానే ఉంది. అటు నుంచి డప్పులు వచ్చాయి. ముందు ఒక ముసలాయన, బక్కపలచని మనిషే గానీ ఆయన కొడుతుంటే దుమ్ము లేస్తున్నట్టుంది. బుక్కగులాలు చల్లుకున్నారు. యాదగిరి అందరికీ తెలిసిన పెళ్ళిపాట ఎత్తుకున్నాడు. డప్పులు దాన్ని మింగేశాయి. ఇంకోటి ఎత్తుకున్నాడు. అదీ పోయింది. ఆడపెళ్ళివాళ్ళు ఈలలు వేస్తున్నారు. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని గోళ్ళు దించుతోంది. యాదగిరి క్లారినెట్ దించి మూతి తుడుచుకుని, బాకా తమ్ముడి వైపు చూసి తలాడించాడు.

బాకా ఆ మాట మొదలుపెట్టింది. క్లారినెట్ అందుకుంది.

డప్పులు ఆగిపోయాయి. గెలిచామని అత్తమ్మ ఎగిరి గంతేయబోయింది కానీ, అది ఓడి ఆగడం కాదు. ఇదేం పాటరా అని బిత్తరపోయి ఆగడం. ఈలలు ఆగాయి. జనం మొహామొహాలు చూసుకున్నారు. ఎవరో నవ్వారు. ఇళ్ళల్లో సూది ఎత్తేసే ముందు ఉండే నిశ్శబ్దం అది. పెద్దయ్యకు అది బాగా తెలుసు. గొంగడి అంచు రెండు చేతులతో పట్టుకుని నేలవైపు చూస్తున్నాడు.

ముసలి డప్పాయన ముందుకొచ్చాడు. తల ఒక పక్కకు వంచాడు. బాకా ఒక మాట అని ఆగగానే, ఆ ఖాళీలో రెండు దెబ్బలు వేశాడు. బాకా మళ్ళీ అంది. ఈయన మళ్ళీ అన్నాడు, ఈసారి కొంచెం పొగరుగా. యాదగిరి కళ్ళు మెరిశాయి. క్లారినెట్ ఈయన్ని రెచ్చగొట్టింది. మిగతా డప్పులు కూడా దిగాయి. ఎవరు ఎవరి మేళమో తెలియకుండా పోయింది. ఇటు పక్షం అటు కలిసింది, అటు పక్షం ఇటు కలిసింది. నకిరేకల్ రోడ్డంతా కదిలింది. మా అత్తమ్మ, పెళ్ళికొడుకు తల్లి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి అడుగులేస్తోంది. నేనూ వేశాను. బడిలో నా దగ్గర చదివే పిల్లలెవరైనా చూశారేమో కూడా అనుకోలేదు.

చివరి భాగం వచ్చింది. అన్నీ కలిశాయి, లేచాయి, ఇంకో మెట్టు లేచాయి. కింద డప్పులు ఎత్తి పట్టుకుంటే ఎక్కడా కుంగలేదు.

పెద్దయ్య రోడ్డు నడుమ నిలబడి ఉన్నాడు. చెంపల మీద గులాలు, దాని మీద కన్నీళ్ళు చారలు కట్టాయి. తుడుచుకోవడం లేదు. ఆయన్ని చూసి నాకూ ఏడుపొచ్చింది, గర్వంతో. పాట ముగిసినా జనం అరుపులు ఆగలేదు. ముసలి డప్పాయన యాదగిరి దగ్గరికి వెళ్ళి, "యాడిది బిడ్డా గీ పాట?" అని అడిగాడు. యాదగిరి క్లారినెట్‌తో పెద్దయ్యను చూపించాడు.

ముసలాయన వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "నీదానె?"

"ఇప్పటిదాక నాదే. ఇగ నీది," అన్నాడు పెద్దయ్య.

పెళ్ళి చేయించే పంతులుగారు ముహూర్తం, ముహూర్తం అని కేకలు వేస్తున్నాడు. "జర కూసోండి పంతులుగారూ," అంది మా అత్తమ్మ. ముసలాయన అప్పటికే రోడ్డు పక్కన ఇంత గడ్డి పోగేసి నిప్పు పెట్టి, ఇంకోసారి వాయించడానికి డప్పు కాచుకుంటున్నాడు.